ఇంజను వెనక ఉండే బండి

కిటికీ పక్క సీటు ఎవరిదన్న గొడవ మా అక్కకీ నాకూ యాభై ఏళ్ల కిందట మొదలైంది. మొన్న జనవరిలో, తమిళనాడులో ఊటీ కొండ రైలు బయల్దేరే మెట్టుపాళయం స్టేషన్లో మళ్లీ వచ్చింది. ఇప్పుడు అక్కకి 62, నాకు 58. "నాకు మోకాళ్ల నొప్పులు, నేను కిటికీ దగ్గర కూర్చుంటా" అంది. మోకాళ్లకీ కిటికీకీ సంబంధమేమిటో నేను అడగలేదు. చిన్నప్పుడూ అడగలేదు, అప్పుడు తనకి కడుపులో తిప్పేది.

మేం వెళ్లింది ఊటీ చూడ్డానికి కాదు. ఊటీ ఇద్దరమూ ఇదివరకే చూశాం, బస్సులో, వాంతులు చేసుకుంటూ. ఈసారి ఆవిరి ఇంజను ఎక్కాలని వెళ్లాం. మా చిన్నతనమంతా పట్టాల మధ్య ఒక్క మీటరే ఎడముండే మీటర్ గేజ్ బండ్లలో గడిచింది. నాన్నది బదిలీల ఉద్యోగం. ఏటా వేసవికి అమ్మమ్మ దగ్గరికి వెళ్లాలంటే నంద్యాల దాటి, నల్లమల అడవిలోంచి, గిద్దలూరు మీదుగా గుంటూరు వైపు పోయే బండి ఎక్కాలి. ఆ లైను 1990ల్లో వెడల్పు పట్టాల బ్రాడ్‌గేజ్ అయింది. దొరబావి దగ్గర లోయ మీద ఉన్న ఆ ఎత్తైన వంతెనని వదిలేసి దారే మార్చేశారు. అందుకని మా చిన్నప్పటి ప్రయాణం మళ్లీ చెయ్యాలంటే పక్క రాష్ట్రానికి పోవాల్సి వచ్చింది. అక్కడే ఎందుకంటే ఆ గేజూ అదే, ఆ పొగా అదే అనుకున్నాం.

వానాకాలం చివర్లో ఆ కొండల్లో చరియలు విరిగిపడి లైను మూసేస్తుంటారు. అందుకే జనవరి పెట్టుకున్నాం. టికెట్ల కోసం నేను రిజర్వేషన్ తెరిచే రోజు పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చున్నాను. దొరికాయి గానీ రెండు సీట్లూ దూరదూరంగా పడ్డాయి. బండెక్కాక ఎదురుగా కూర్చున్న కొత్త దంపతులని బతిమాలి పక్కపక్కకి మార్పించుకున్నాం. వాళ్లు ఎంతో మర్యాదగా లేచారు. వెంటనే కిటికీ సీటు గురించి మేమిద్దరం తగువు పడుతుంటే మాత్రం వింతగా చూశారు.

బండి 7:10కి కదిలింది. నేను మొహం బయటికి పెట్టి ఎదురు చూశాను, కంట్లో నలుసు పడుతుందని.

నవ్వకండి. ఆవిరి ఇంజను అంటే నాకు ముందు గుర్తొచ్చేది కూత కాదు, పొగ కాదు, నలుసు. బయటికి చూడొద్దని అమ్మ చెప్తూనే ఉండేది, మేం చూస్తూనే ఉండేవాళ్లం, సన్నటి బొగ్గు రవ్వ వచ్చి కంట్లో పడేది. అప్పుడు అమ్మ పైట చెంగు కొసని ఉండలా చుట్టి, నోటి దగ్గర పెట్టుకుని వేడిగా ఊది, మూసిన కంటి మీద అద్దేది. మళ్లీ ఊది మళ్లీ అద్దేది. నాలుగోసారికి నలుసు ఎక్కడికి పోయేదో తెలీదు, కన్ను మాత్రం హాయిగా ఉండేది. కొన్నిసార్లు నలుసు పడకపోయినా పడిందని ఏడ్చేవాణ్ణి.

ఇక్కడ ఎంత చూసినా ఏమీ పడలేదు. కారణం తర్వాత తట్టింది. ఈ బండిని ఇంజను లాగదు, వెనక నుంచి నెడుతుంది. కొండ ఎక్కేటప్పుడు బోగీలు జారిపోకుండా ఇంజను కింది వైపునే ఉండాలి కదా. పొగంతా మా వెనక్కి పోతోంది. ముందు బోగీ కొసన ఒకాయన జెండా పట్టుకుని నిలబడి పట్టాలు చూసుకుంటున్నాడు, డ్రైవరు కళ్లు ఆయనవే. పైగా ఇప్పుడు ఈ ఇంజన్లలో చాలావాటికి బొగ్గు బదులు నూనె పోస్తున్నారు. నలుసు కోసం ఇంత దూరం వస్తే ఇదా అని కాస్త నిరాశ పడ్డాను. అక్కకి చెప్తే "నీ కళ్లజోడు తీస్తే దుమ్మైనా పడుతుందేమో చూసుకో" అంది.

కల్లార్ వరకు మామూలు రైలే. పోకతోటలు, పల్చటి మంచు. కల్లార్ దాటగానే పట్టాల మధ్యలో పళ్ల కమ్మీలు మొదలవుతాయి. ఒకటి కాదు, పక్కపక్కన రెండు. ఒకదాని పళ్లు ఉన్నచోట రెండోదానికి సందు ఉంటుంది. ఇంజను కింద ఉన్న పళ్లచక్రం ఎప్పుడూ ఏదో ఒక పంటిని పట్టుకునే ఉంటుందన్నమాట. రోమన్ ఆప్ట్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు కనిపెట్టిన పద్ధతి ఇది. పన్నెండున్నర అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకెక్కే వాలులో మామూలు చక్రం జారిపోతుంది. కూనూరు దాకా ఈ పళ్ల మీదే ఎక్కాలి, గంటకి 13 కిలోమీటర్ల వేగంతో. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో బండి నడిచింది. 46 కిలోమీటర్ల దారికి దాదాపు అయిదు గంటలు. వెనక ఇంజను దమ్ము తీసే చప్పుడు కింద సీట్లోంచి నడుముకి తగులుతుంది. మా ఎదుటి కొత్త పెళ్లికొడుకు గంటన్నర వీడియో తీసి, చార్జింగ్ అయిపోయి, ఆ తర్వాతే బయటికి చూడ్డం మొదలుపెట్టాడు. నేనూ తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే సగం వాటిలో నా వేలే ఉంది.

హిల్‌గ్రోవ్ దగ్గర ఇంజను నీళ్లు తాగడానికి ఆగింది. అందరూ దిగారు. కోతులు ముందే వచ్చి కూర్చున్నాయి. అక్క సీసా పట్టుకుని నీళ్లకోసం వెళ్లింది. బండి కూత వేసింది, అక్క కనపడలేదు.

ఆ రెండు నిమిషాల్లో నాకు పట్టిన టెన్షన్ అచ్చంగా పాతదే, ఎక్కడా చెక్కు చెదరలేదు. నాన్న ప్రతి స్టేషన్లోనూ మరచెంబు పట్టుకుని దిగేవాడు. కొత్తవాళ్లకి చెప్పాలి, మరచెంబు అంటే మూతకి మర ఉండే ఇత్తడి చెంబు, పైన పట్టుకోడానికి పిడి ఉంటుంది. కొళాయి దగ్గర జనం, నాన్న వరసలో ఎక్కడో చివర. గార్డు ఈల వేసేవాడు. నాన్న కదిలేవాడు కాదు. చెంబు నిండాలి, మూత బిగించాలి, పైన కారిన నీళ్లు తుండుతో తుడవాలి, ఇవన్నీ అయ్యాక నడిచే బండిలోకి అసలేం జరగనట్టు ఎక్కేవాడు. ఆయన లేకుండా బండి వెళ్లిపోతే మేం ఏమైపోతామో నేను పూర్తిగా ఊహించి పెట్టుకునేవాణ్ణి. ఎవరింట్లో పనికి కుదురుతానో కూడా.

అక్క కూడా అలాగే ఎక్కింది. చివరి క్షణంలో, ఏం జరగనట్టు. "నాన్న పోలిక" అన్నాను.

"నాన్నకేం" అంది. "చల్లగా దిగేవాడు, చల్లగా ఎక్కేవాడు."

ఆమె గొంతులో ఏదో తేడాగా అనిపించి ఏంటని అడిగాను. ఏం లేదంది. తర్వాత తనే మొదలుపెట్టింది. ఆ ప్రయాణాల గురించి నేను ఎప్పుడూ మురిసిపోతూ చెప్తుంటాననీ, ఆ రోజులే వేరు, దిగుల్లేదు, ఫోన్లు లేవు అని ప్రతి పెళ్లిలోనూ ఉపన్యాసం ఇస్తాననీ అంది. "దిగుల్లేనిది నీకురా. పడుకోడానికి నీకు చోటుండేది." ట్రంకుపెట్టె మీద అమ్మ తెల్లార్లూ కూర్చునే ఉండేదట, ఒళ్లో తమ్ముడు, భుజం మీద నా తల, కాళ్ల దగ్గర బెడ్డింగు. కిటికీ అమ్మకి వీపు వైపు. ఆ దారిలో అన్నేళ్లు తిరిగి అమ్మ దొరబావి వంతెన ఒక్కసారి కూడా చూడలేదట. లోయ అంటే భయమనుకున్నాను నేను. చెప్పానుగా, చాలా ఊహించి పెట్టుకునేవాణ్ణి.

నాకు గుర్తున్నవి వేరే. గళ్లలోంచి తీసి తేదీ కొట్టి ఇచ్చే చిన్న అట్టముక్క టికెట్లు, ఆ మిషను చేసే టక్‌మన్న చప్పుడు, ప్రయాణం అయ్యాక వాటిని గేటు దగ్గర లాక్కునే టీసీ మీద నా కోపం. టీసీ వస్తే ఒక ఏడాది వయసు తగ్గించి చెప్పమని నాన్న నేర్పడం, నేను రెండేళ్లు తగ్గించి నాన్నని మెప్పించబోవడం. ఇంజను దగ్గరికి తీసికెళ్లమని ఏడిస్తే నాన్న ఎత్తుకుని చూపించిన మంట, చెమటతో మెరుస్తున్న ఫైర్‌మన్ వీపు. ఆ వీపు కూడా నాకు అందంగానే గుర్తుంది. అతను రోజుకి ఎంత బొగ్గు ఎత్తేవాడో అప్పుడు ఆలోచించలేదు. చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారంలో 1972లోనే ఆవిరి ఇంజన్ల తయారీ ఆగిపోయిందని పెద్దయ్యాక చదివాను. అంటే నేను కొత్తవనుకుని నోరు తెరుచుకుని చూసినవి అప్పటికే ముసలి ఇంజన్లు.

ఈ దారిలో 16 సొరంగాలున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలు గట్టిగా అరుస్తారు. పెద్దలూ అరుస్తారు, పిల్లల మీద పెట్టి. మొదటి రెండింటిలో నేనూ అరిచాను.

మా వైపు సొరంగాన్ని బొగద అంటారు. నల్లమలలో ఆ సొరంగం దగ్గరున్న స్టేషన్ పేరే బొగద. అది వస్తోందనగానే పెద్దవాళ్లు "కిటికీలు దించండి, పొగొస్తది" అని అరిచేవాళ్లు. చెక్క తలుపులు దబదబా పడేవి. ఎన్ని దించినా పొగ వచ్చేది. ఏమీ కనపడని చీకట్లో, దగ్గుల మధ్య, అమ్మ చెయ్యి వచ్చి నా తల నిమిరేది. "ఉన్నావా?" అనేది. నేను "ఆ" అనేవాణ్ణి. నాకు అదొక ఆట.

ఈ సంగతి అక్కతో చెప్పాను. చిన్నప్పటి సంగతుల్లో నాకు ఎక్కువ ఇష్టమైంది అదేనని కూడా చెప్పాను.

"నిమరడం కాదు, లెక్కపెట్టడం" అంది. "ముగ్గురి తలలూ తడిమేది. నాకు, నీకు, చంటాడికి. బయటికి వెలుగొచ్చేలోపు రెండు మూడుసార్లు. ఒకసారి వాడు నిద్రలో మూలగలేదని ఎంత కంగారు పడిందో. వెలుగొచ్చాక చూస్తే అమ్మ చెయ్యి వణుకుతోంది. నువ్వు ఇంకో బొగద ఎప్పుడొస్తదని అడుగుతున్నావ్."

తర్వాత రన్నీమీడ్ వచ్చింది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. లోయలో మబ్బు కిందికి దిగి ఉంది, బండి దాని పైకి ఎక్కేసింది. అక్క తనే లేచి "ఇటు రా, నువ్వు కూర్చో" అని కిటికీ సీటు ఇచ్చింది. వద్దన్నాను. "మోకాళ్లు పట్టేశాయి, కాళ్లు చాపుకోవాలి" అంది. ఈసారి మోకాళ్ల కారణం నిజంలాగే ఉంది.

కూనూరులో ఆవిరి ఇంజనుని తీసేసి డీజిల్ పెట్టారు. అక్కడినుంచి పళ్ల కమ్మీ లేదు, దమ్ము చప్పుడు లేదు, మామూలు ప్రయాణం. కేత్తి లోయ బాగుంటుందంటారు, బాగానే ఉంది. లవ్‌డేల్ దాటేసరికి అక్క నిద్రపోయింది. ఊటీలో ఒక రాత్రి ఉన్నాం, చలికి ఇద్దరికీ జలుబు చేసింది. తిరుగు ప్రయాణానికి రైలు టికెట్లు దొరకలేదు. మళ్లీ బస్సే, మళ్లీ ఆ మలుపులే.

ఇంటికొచ్చాక వేలు పడ్డ వీడియోలన్నీ తీసేస్తుంటే ఒకటి మిగిలింది. కూనూరు ముందు, చివరి సొరంగాల్లో ఏదో ఒకదానిది. నలభై సెకన్లు. తెర అంతా నలుపు, పిల్లల కేకలు, ఇంజను దమ్ము. మధ్యలో ఎవరిదో గొంతు, మెల్లగా, "ఉన్నావా?" అని. పక్కనే నాది, "ఆ" అని. ఇద్దరం అనుకోకుండానే అన్నట్టున్నాం, ఆ తర్వాత దాని గురించి మాట్లాడుకున్నట్టు కూడా గుర్తులేదు.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

"పంపు" అంది.

"ఏముందక్కా అందులో, చీకటి తప్ప."

"పంపమన్నాగా."