అలంపురానికి ఒక పూట చాలదు

అలంపురం వచ్చేవాళ్లలో ఎక్కువమంది గంటన్నరలో తిరుగుముఖం పడతారు. జోగులాంబ దర్శనం, బాలబ్రహ్మేశ్వరుడి దర్శనం, నాలుగు ఫొటోలు, మళ్లీ కారు. పక్కనే పదమూడు వందల ఏళ్ల నాటి గుళ్లు మరో ఎనిమిది ఉన్నాయి. ఊరి బయట, నది ముంపు నుంచి ఊడదీసి తెచ్చి నిలబెట్టిన గుళ్లు ఇంకా ఉన్నాయి. శక్తిపీఠం అనే పేరు మిగతావాటన్నిటినీ మింగేసింది. మేం వెళ్లినప్పుడు ఒక పగలంతా ఈ ఊరికే కేటాయించుకున్నాం. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఏం చూడాలి అన్నది రాస్తున్నాను.

ఊరు జోగులాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్ర ఎడమ గట్టున ఉంది. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తా కూడా దాటాక అలంపూర్ చౌరస్తా వస్తుంది. అక్కడ ఎడమకు తిరగాలి. చౌరస్తాకూ అలంపురం ఊరికీ మధ్య పది పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. బస్సులో వచ్చేవాళ్లకు తికమక ఇక్కడే. హైదరాబాదు-కర్నూలు బస్సు కండక్టరును ‘అలంపూర్’ అని అడిగితే చౌరస్తాలోనే దింపుతారు. అక్కడి నుంచి ఆటోనో, ఊళ్లోకి వెళ్లే బస్సో చూసుకోవాలి. అందుకే సొంత బండి లేనివాళ్లు కర్నూలు దాకా వెళ్లి, బస్టాండులో నేరుగా అలంపురం బస్సు ఎక్కడం మేలు. దూరం సుమారు పాతిక కిలోమీటర్లే. రైల్లో వచ్చినా కర్నూల్లో దిగడమే సుఖం. బస చేయడానికి కర్నూల్లో కావలసినన్ని హోటళ్లున్నాయి. అలంపురంలో గుళ్లకు దగ్గర్లో పర్యాటక శాఖ వారి హరిత హోటలుంది కానీ గదులు కొన్నే, ముందే మాట్లాడుకోవాలి. పొద్దున కర్నూల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బయల్దేరితే మధ్యాహ్నం దాకా తిండి గురించి ఆలోచించక్కర్లేదు.

ఎంత తొందరగా చేరితే అంత మంచిది. రెండు కారణాలు. గుళ్లన్నీ తూర్పు ముఖంగా, నది వైపు చూస్తూ ఉన్నాయి. పొద్దుటి ఎండ వాటి ముఖాల మీద సూటిగా పడుతుంది, చెక్కడం అప్పుడే తేటగా కనిపిస్తుంది. ఇక రెండోది పాదాలు. ఆవరణ అంతా చెప్పుల్లేకుండా తిరగాలి, పది దాటాక బండలు కాలుతాయి. మేజోళ్లు తెచ్చుకున్నవాళ్లను చూసి నవ్వుకునేవాళ్లే పదకొండు గంటలకల్లా నీడ నుంచి నీడకు గెంతుతుంటారు. ఎండాకాలం రావద్దనే నా సలహా. కార్తీకం, శివరాత్రి, దసరా రోజుల్లో జనం ఎక్కువ. వాటిని తప్పించి, చలికాలంలో మామూలు రోజు చూసుకోండి.

ముందు అమ్మవారి గుడి. క్యూ పెరగకముందే అది ముగించుకోవాలి, పైగా మధ్యాహ్నం తలుపులు మూస్తారు. అష్టాదశ శక్తిపీఠ స్తోత్రంలో ‘అలంపురే జోగులాంబా’ అన్నది ఈ తల్లినే. సతీదేవి పైదవడ దంతాలు పడ్డ చోటని ఐతిహ్యం. ఇప్పుడు మనం వెళ్లే గుడి మాత్రం కొత్తది. పాత గుడి 1390లో బహమనీల దాడిలో నేలమట్టమైందని స్థలచరిత్ర చెబుతుంది. అప్పటి నుంచి అమ్మవారి మూర్తిని, చండీ ముండీలతో సహా, బాలబ్రహ్మేశ్వరుడి గుళ్లోనే ఉంచి పూజించారు. పాత చోటనే కొత్త ఆలయం కట్టి 2005 ఫిబ్రవరి 13న, వసంత పంచమి నాడు, ప్రతిష్ఠ చేశారు. ఏటా వసంత పంచమికే బ్రహ్మోత్సవాల ముగింపు, నిజరూప దర్శనం. మిగతా రోజుల్లో పూలు, చీర మధ్య ముఖమే కనిపిస్తుంది. శవాసనం మీద కూర్చున్న తీరు, జటల్లోని బల్లి, తేలు, కపాలం చూడాలంటే ఆ రోజే రావాలి, ఆ రోజు తోపులాటకు సిద్ధపడాలి. ఉగ్రమూర్తి కనుక చల్లదనం కోసమని గుడి చుట్టూ నీళ్లు నిలిచేలా కట్టారు. లోపల ఫోను తీయనివ్వరు.

శుక్రవారం గురించి ఒక మాట. అమ్మవారికి ఆ రోజే రద్దీ. రాష్ట్ర మ్యూజియాలకు మామూలుగా సెలవు కూడా ఆ రోజే. ఈ ఆవరణలో చిన్న మ్యూజియం ఒకటుంది, దాన్ని వదులుకోకూడదు. కాబట్టి శుక్రవారం వద్దు.

అక్కడి నుంచి బాలబ్రహ్మేశ్వరుడి దగ్గరికి. ఇదీ, మొదట చెప్పిన ఎనిమిదీ కలిపి నవబ్రహ్మ ఆలయాలు. వాటి పేర్లు తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. పేర్లు బ్రహ్మవి, లోపలున్నవి శివలింగాలు. బ్రహ్మ ఇక్కడ తపస్సు చేసి శివుణ్ని ప్రతిష్ఠించాడని పురాణ కథ. తొమ్మిదింటిలో నిత్యపూజలతో కళకళలాడేది బాలబ్రహ్మ ఒక్కటే. ఇక్కడ క్రీ.శ. 702 నాటి శాసనముంది. తర్వాతి కాలాల్లో చేర్చిన మంటపాల వల్ల ఆలయం బయటి రూపం మిగతావాటిలా తేటగా కనిపించదు. అభిషేకం చేయించుకోదలిస్తే పంచె తెచ్చుకోవాలి, టికెట్టు ముందే తీసుకోవాలి. మూలవిరాట్టు చాలా చిన్నది. తొందరగా కదిలిపోతే ఏం చూశామో తెలియదు. ప్రదక్షిణ మార్గంలో సప్తమాతృకలను చూసి బయటపడండి.

ఇక్కడితో భక్తుల రద్దీ తగ్గిపోతుంది, మనకు కావలసినంత తీరిక దొరుకుతుంది. మిగతా గుళ్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి.

ఎవరైనా మొదట గమనించేది శిఖరాలను. మన వైపు గుడి అంటే అంతస్తులుగా లేచే విమానం, ముందు గోపురం. ఇక్కడ అలా కాదు. భువనేశ్వర్‌లో చూసినట్టు, నిలువు పట్టీలతో పైకి పోతూ లోపలికి వంగే రేఖానాగర శిఖరం, దాని మీద పెద్ద ఉసిరికాయలా ఆమలకం. ఇవి బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించినవి. కర్ణాటకలోని పట్టదకల్‌లో వాళ్లే నాగర, ద్రావిడ రీతుల్ని పక్కపక్కన కట్టారు. అక్కడి గళగనాథ ఆలయం చూసినవాళ్లకు ఇక్కడి విశ్వబ్రహ్మ, స్వర్గబ్రహ్మ వెంటనే పరిచయస్తుల్లా తోస్తాయి. తొమ్మిదింటిలో తారకబ్రహ్మ ఒక్కటే వేరు, దాని శిఖరం దక్షిణాది పద్ధతిలో అంతస్తులుగా ఉంటుంది. దాని మీద పాత తెలుగు శాసనాలున్నాయి. చదవలేకపోయినా ఆ అక్షరాల ముందు ఒక్క నిమిషం ఆగాలి.

అన్ని గుళ్లకూ ఒకేలా సమయం ఇస్తే నాలుగో గుడికే కళ్లు అలసిపోతాయి. నా లెక్కలో స్వర్గబ్రహ్మకు అరగంటకు పైగా, విశ్వబ్రహ్మకు, పద్మబ్రహ్మకు చెరో ఇరవై నిమిషాలు, మిగతావాటికి చుట్టూ ఒక ప్రదక్షిణ చాలు.

స్వర్గబ్రహ్మ చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలం (681-696) నాటిదని అక్కడి శాసనం వల్ల తెలుస్తోంది. శిల్పాల్లో ఇదే అన్నిటికన్నా గొప్పది. లోపలికి వెళ్లకుండా ముందు ఎడమ నుంచి బయటి గోడ చుట్టూ తిరగండి. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన గూళ్లున్నాయి, మూలల్లో దిక్పాలకులు తమ తమ దిక్కుల్లో నిలబడి ఉన్నారు. చేతిలో దిక్సూచి ఉంటే సరిచూసుకోవచ్చు, ఫోన్‌లోది చాలు. గూళ్ల మధ్య రాతి జాలీ కిటికీలు. వాటి నగిషీ ఒకదాని పోలిక మరొకదానికి రాదు. తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి శిఖరం ముందు భాగాన్ని చూడండి. అక్కడ ముక్కులా ముందుకొచ్చిన శుకనాసి, దాని గుండ్రటి గూట్లో నటరాజు ఉంటాడు. కింద నిలబడితే మెడ నొప్పే తప్ప ఏమీ కనపడదు. దూరం జరిగి చూడాలి, చిన్న బైనాక్యులర్ ఉంటే ఇంకా మంచిది.

లోపలి కట్టుబడి అన్నిటికీ దాదాపు ఒకటే. స్తంభాల వరుసలున్న మంటపం, చివర చదరపు గర్భగుడి, గర్భగుడి చుట్టూ పైకప్పున్న ప్రదక్షిణ మార్గం. ఈ మార్గంలోకి జాలీల గుండా వచ్చే వెలుతురే గతి. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే ఏమీ కనిపించదు, గడప తగిలి పడేవాళ్లూ ఉంటారు. రెండు నిమిషాలు మంటపంలోనే నిలబడి కళ్లు అలవాటు పడ్డాక కదలండి. ఫోను లైటును సూటిగా శిల్పం ముఖాన వేస్తే చెక్కడం చదునుగా కనిపిస్తుంది. పక్క నుంచి వాలుగా వేస్తే ప్రతి గీతా లేచి కనిపిస్తుంది. గబ్బిలాల వాసన కొన్నిచోట్ల తప్పదు.

విశ్వబ్రహ్మలో చూడవలసింది బొమ్మల కథలు. పంచతంత్రం ఘట్టాలు రాతిలో ఉన్నాయి, పిల్లల్ని తీసుకెళ్తే ఇక్కడే వదలండి, వెతుక్కుంటారు. గరుడబ్రహ్మకు పేరు తెచ్చిన గరుత్మంతుణ్ని లోపల వెతకాలి. అర్కబ్రహ్మలో శిల్పం చాలావరకు పోయింది, అక్కడ ఆగే సమయాన్ని మ్యూజియానికి మిగుల్చుకోవడం నయం.

మ్యూజియం చిన్నదే కానీ సరుకు పెద్దది. పూర్ణకుంభంలాంటి దేహంతో, తల స్థానంలో తామరతో ఉన్న లజ్జాగౌరి శిల్పం ఇక్కడిదే. సంతానం కోసం పూజలందుకున్న దేవత. చూసేవాళ్లు సిగ్గుతో పక్కకు జరిగిపోవడం మామూలే కానీ, ఆ పనితనం ముందు ఆగకపోతే నష్టం వాళ్లకే. నటరాజు, మహిషాసురమర్దిని, శాసనాల రాళ్లు కూడా ఉన్నాయి. 713 నాటి, వినయాదిత్యుడి కొడుకు విజయాదిత్యుడి శాసనం ఈ ఆలయాలకు ప్రాకారం కట్టించిన సంగతి చెబుతుంది, ఈశానాచార్యుడనే శైవగురువు పేరూ అందులో ఉంది. అంటే అప్పటికే ఇది గుళ్ల గుంపు మాత్రమే కాదు, మఠమూ గురువులూ ఉన్న శైవ క్షేత్రం. శ్రీశైలానికి పశ్చిమ ద్వారం అని పేరు ఊరికే రాలేదు. ఈ ఊరి శాసనాలనూ శిల్పాలనూ పట్టించుకుని లోకానికి చూపినవారిలో ముందు చెప్పాల్సింది స్థానిక పండితుడు గడియారం రామకృష్ణ శర్మను.

గుళ్లకూ నదికీ మధ్య ఎత్తయిన కరకట్ట ఉంది. పాత ఫొటోల్లో గుళ్లు నేరుగా నదిలోకి చూస్తున్నట్టు ఉంటే ఇప్పుడు మధ్యలో గోడ అడ్డం. కొందరికి అది నచ్చదు. శ్రీశైలం జలాశయం వెనుక నీరు ఇక్కడి దాకా వస్తుంది, ఆ కట్ట లేకపోతే ఏటా భయమే. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలును ముంచిన వరద ఆ కట్టనూ లెక్కచేయకుండా ఈ ఆలయాలనూ ముంచెత్తింది. కట్ట ఎక్కితే తుంగభద్ర కనిపిస్తుంది. స్నానానికి దిగేవాళ్లు ఘాట్ దాటి పోవద్దు, అడుగున బురద, నీటిమట్టం జలాశయాన్ని బట్టి మారుతుంటుంది. దగ్గర్లోనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది, గుడికి వచ్చినవాళ్లలో అక్కడా దండం పెట్టుకుని వెళ్లేవాళ్లు కనిపిస్తారు.

భోజనం అయ్యాక ఊరి బయటికి. ఒక ఆటో మాట్లాడుకుని సంగమేశ్వరం, పాపనాశి రెండూ కలిపి, అక్కడ ఆగి ఉండేలా బేరం చేసుకోండి. దింపేసి పోతే పాపనాశి దగ్గర తిరుగు ఆటో దొరకడం కష్టం.

ఈ సంగమేశ్వరాలయం మొదట కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని రాయి రాయీ విప్పి ఇక్కడ తిరిగి పేర్చారు. రూపంలో స్వర్గబ్రహ్మకు దగ్గరి చుట్టం. పెద్ద తేడా, దీనికి ప్రాకారం మిగిలింది. ఆ ప్రాకారం బయటి ముఖాన వరుసగా చిన్న చిన్న చెక్కడాలున్నాయి. అందరూ గేటులోంచి తిన్నగా లోపలికి పోతారు కాబట్టి వాటిని చూసేవాళ్లు అరుదు. గోడ చుట్టూ బయటి నుంచి ఒకసారి నడవండి. పచ్చిక పెరిగి ఉంటే కింద చూసుకుని అడుగేయాలి, పాములుంటాయి. ఇంకో సంగతి. వేపమొద్దు లింగంతో, ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండి ఎండాకాలం బయటపడే సంగమేశ్వరం వేరు. అది నంద్యాల జిల్లాలో ఉంది. మ్యాపులో పేరు కొట్టి అక్కడికి తేలేవాళ్లున్నారు, జాగ్రత్త.

పాపనాశి ఆలయాలూ అలాగే ముంపు నుంచి తరలించినవే. ఇరవైకి పైగా చిన్న గుళ్లు ఒకేచోట, మెట్లు పేర్చినట్టున్న పిరమిడ్ కప్పులతో ఉంటాయి. పొద్దున చూసిన చాళుక్య గుళ్ల కంటే ఇవి రెండు మూడు వందల ఏళ్లు చిన్నవి, రాష్ట్రకూటుల కాలం, ఆ తర్వాతివి. బయటి గోడలు బోసిగా ఉంటాయి, చూసి నిరుత్సాహపడి వెనుదిరగకండి. పనితనమంతా లోపల స్తంభాల మీద, పైకప్పు పలకల మీద ఉంది. పాపనాశేశ్వరాలయంలో మహిషాసురమర్దిని శిల్పం ముందు చూడవలసింది. కొన్నిటికి తాళాలు ఉండొచ్చు, కాపలాదారును అడిగితే తీస్తారు. నీడ లేదు, నీళ్లు దొరకవు, సీసా నింపుకునే రండి. సాయంత్రం నాలుగు తర్వాత వాలు ఎండలో వెళ్తే ఆ కప్పుల మెట్లు ఒక్కొక్కటే విడివిడిగా కనిపిస్తాయి.

చీకటి పడకముందే చౌరస్తాకో కర్నూలుకో చేరుకోవాలి, ఊళ్లోంచి పోయే బస్సులు రాత్రి పలచబడతాయి. పశ్చిమ ద్వారం చూశాం, ఇక శ్రీశైలం కూడా చూసుకుందాం అనుకునేవాళ్లు ఆ రాత్రే బయల్దేరకండి. ఆత్మకూరు, దోర్నాల మీదుగా వెళ్లే దారిలో నల్లమల అడవి రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు, గేటు దగ్గర తెల్లవార్లూ కూర్చోవలసి వస్తుంది. కర్నూల్లో పడుకుని పొద్దున్నే వెళ్లడమే సరి.