సమ్మర్‌లో కమ్యూనిటీ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ: నా అనుభవం

అమెరికాలో డాక్టర్ చదువు మన దగ్గరలాగా ఇంటర్ బైపీసీ, నీట్, ఎంబీబీఎస్ వరసలో నడవదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ చెయ్యాలి. డిగ్రీ ఏ సబ్జెక్టులో ఉన్నా పర్వాలేదు గానీ బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కోటీ ఏడాది పాటు ల్యాబ్‌తో సహా చదివి ఉండాలని చాలా మెడికల్ స్కూళ్లు అడుగుతాయి. వీటినే ప్రీ-రెక్స్ అంటారు. నేను డిగ్రీ చేసింది ఒక యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లో. ఆర్గానిక్ రెండు భాగాలూ మాత్రం 2024 సమ్మర్‌లో, బే ఏరియాలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో చదివాను. అంటే తక్కువ ఫీజుతో, ఎవరికైనా సీటిచ్చే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ. అలా చెయ్యాలా వద్దా అని తేల్చుకోలేక ఆగిపోతున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో ఈ మాట ఎత్తగానే హైదరాబాద్ నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. "అంత పెద్ద యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నావు కదమ్మా, మళ్ళీ ఆ కాలేజీకి వెళ్లడమేంటి? రేపు మెడిసిన్ వాళ్లు చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు. నాన్న పైకి అనలేదు గానీ ఆయన భయమూ అదే. కాలేజీ పేరును బట్టే పిల్లల భవిష్యత్తు ఉంటుందని నమ్మి, గుంటూరు నుంచి ఇక్కడిదాకా కష్టపడి వచ్చిన మనిషి. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. కూర్చోబెట్టి లెక్కలన్నీ చూపించాను.

మొదటి లెక్క టైము. యూనివర్సిటీలోనే ఆర్గానిక్ తీసుకుంటే అదే టర్మ్‌లో ఫిజిక్స్ ల్యాబ్, బయాలజీ ల్యాబ్ కూడా పడుతున్నాయి. మధ్యాహ్నాలన్నీ ల్యాబులకే పోతే ఫ్రీ క్లినిక్‌లో వాలంటీరు పని వదులుకోవాలి. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చి, ఊరి నుంచి తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోయి, ఏం చెయ్యాలో తోచక అక్కడికి వచ్చే తెలుగు పెద్దవాళ్లు ఉంటారు. వాళ్ల పేర్లు రాసుకుని, బీపీ చూసి, లోపలికి పంపేది నేనే. డాక్టర్ అవ్వాలన్న కోరిక నాకు అక్కడే గట్టిపడింది. దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

రెండోది డబ్బు. కాలిఫోర్నియా నివాసులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. ఐదు యూనిట్ల ఆర్గానిక్ కోర్సుకి 230, చిన్నాచితకా ఫీజులు అదనం. అదే యూసీ సమ్మర్ సెషన్‌లో అయితే ఒక్కో యూనిట్‌కే వందల డాలర్లు అవుతాయి. పైగా ఇంట్లోనే ఉంటాను కాబట్టి అద్దె లేదు.

ఇక మెడికల్ స్కూళ్లు ఒప్పుకుంటాయా అన్న ప్రశ్న. దీనికి ఎవరి మాటా నమ్మనక్కర్లేదు. మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ నడిపే ఎంఎస్ఏఆర్ అనే డేటాబేస్ ఉంది. కొద్దిగా చందా కడితే ఏ స్కూలు కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు తీసుకుంటుందో, ఏది ఆన్‌లైన్ ల్యాబ్ వద్దంటుందో స్కూళ్లవారీగా కనిపిస్తుంది. నేను అప్లై చెయ్యాలనుకున్న వాటిలో చాలావరకు తీసుకుంటామనే రాసి ఉంది. నాలుగేళ్ల యూనివర్సిటీలో చదివితే మేలని కొన్ని అన్నాయి. వాటి కోసం ఏం చేశానో కింద చెప్తాను.

మన యూనివర్సిటీ ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి. కాలిఫోర్నియాలో దీనికి అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఉంది. ఏ కమ్యూనిటీ కాలేజీలోని ఏ కోర్సు, ఏ యూసీ క్యాంపస్‌లోని ఏ కోర్సుకు సమానమో అందులో పక్కపక్కనే చూపిస్తారు. ఒక క్యాంపస్ ఒప్పుకున్నదాన్ని ఇంకో క్యాంపస్ కూడా ఒప్పుకోవాలని లేదు. మనం చదివే క్యాంపస్ పేజీనే చూసి, ఆ కాగితంతో అడ్వైజర్ దగ్గరికి వెళ్లి, ఈమెయిల్‌లో జవాబు రాయించుకోవాలి. ఇంకో ముఖ్యమైన విషయం, ఆర్గానిక్ మొదటి భాగం ఒక చోట, రెండో భాగం ఇంకో చోట చదవకూడదని నా గట్టి అభిప్రాయం. టాపిక్కుల వరస కాలేజీ కాలేజీకి మారుతుంది. మధ్యలో స్పెక్ట్రోస్కోపీ (కాంతి సాయంతో పదార్థాన్ని గుర్తుపట్టే పద్ధతి) లాంటిది ఎక్కడా చెప్పకుండానే దాటిపోవచ్చు.

రిజిస్ట్రేషన్ ఓపిక పరీక్షే. బయటి విద్యార్థులం కాబట్టి జనరల్ కెమిస్ట్రీ పాసయ్యామని ముందుగా ట్రాన్‌స్క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే గ్రేడ్ల పత్రం) పంపి ప్రీ-రెక్ క్లియర్ చేయించుకోవాలి. ఆ కాలేజీ పిల్లలకి రిజిస్ట్రేషన్ ముందు తెరుస్తారు, మన వంతు వచ్చేసరికి సీట్లు నిండిపోతాయి. నాకు వెయిట్‌లిస్ట్ వచ్చింది. మొదటి రోజు క్లాసుకి వెళ్లి కూర్చున్నాను. రానివాళ్ల పేర్లు తీసేసి మేడమ్ మాకు క్లాసులో చేరడానికి యాడ్ కోడ్లు ఇచ్చారు.

తర్వాత వేగం. మామూలు సెమిస్టర్ అంతా ఆరు వారాల్లో. ఆ వెంటనే ఇంకో ఆరు వారాలు రెండో భాగం. పొద్దున లెక్చర్, మధ్యాహ్నం ల్యాబ్, ప్రతి వారం పరీక్ష. సోమవారం క్లాసులో ఎస్ఎన్2 అనే రకం రియాక్షన్ మొదలుపెడితే గురువారానికి ఈ1, ఈ2 అనే రకాలు కూడా అన్నీ కలిపి ఏ పరిస్థితుల్లో ఏది జరుగుతుందో మనమే తేల్చాలి. జ్వరం వచ్చి ఒక రోజు మానేస్తే దాదాపు ఒక వారం పాఠం పోయినట్టే. చిన్న కాలేజీ కదా, మార్కులు తేలిగ్గా పడతాయనుకుని వచ్చినవాళ్లు రెండో వారానికే కనిపించలేదు. హాల్లో పెద్ద వైట్‌బోర్డు పెట్టి, రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు మెకానిజాలన్నీ, అంటే రియాక్షన్ అంచెలంచెలుగా ఎలా జరుగుతుందో, పుస్తకం చూడకుండా, బాణాలు గీస్తూ అమ్మకి చెప్పేదాన్ని. అమ్మ బైపీసీ చదివింది. "ఎలక్ట్రాన్లు ఇటు నుంచి అటే ఎందుకు పోతాయి?" అని అడిగేది. ఆ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన రోజున పాఠం వచ్చినట్టు లెక్క.

పుస్తకానికి పైసా ఖర్చు లేదు. జాన్ మెక్‌మరీ రాసిన ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠ్యపుస్తకాన్ని 2023 నుంచి రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ ఉచితంగా ఇస్తోంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో 2019లో చనిపోయిన కొడుకు పీటర్ జ్ఞాపకంగా ఆయన దాన్ని అందరికీ ఇచ్చేశారు. ఈ సంగతి తెలిశాక ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు గౌరవం కలిగేది.

చదువు నాణ్యత గురించి నిజం చెప్పాలి. యూనివర్సిటీలో జనరల్ కెమిస్ట్రీ నేను వందలమంది ఉన్న హాల్లో విన్నాను, ల్యాబ్ చూసుకునేది పీహెచ్‌డీ విద్యార్థులు. ఇక్కడ క్లాసు చిన్నది. పాఠం చెప్పిన మేడమే ల్యాబ్‌లో మా పక్కన నిలబడేవారు. ఒక మధ్యాహ్నం ఐసోపెంటైల్ ఎసిటేట్ తయారుచేస్తున్నాం. ఆల్కహాల్, ఎసిటిక్ యాసిడ్, కొన్ని చుక్కల సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి మరిగించి, చల్లారాక సెపరేటరీ ఫనెల్లో పోసి సోడియం బైకార్బొనేట్‌తో కడగాలి. మిగిలిపోయిన యాసిడ్‌తో కలిసి అది బుసబుసా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. "ఊపుడు ఆపి ముందు గ్యాస్ ఇడువు చెల్లె" అంది నా ల్యాబ్ పార్ట్‌నర్. ఫనెల్ కుళాయిని, ఆవిర్లు బయటికి లాగేసే హుడ్ వైపు తిప్పి తెరవగానే సుయ్యిమంది. నీళ్ల పొర కింద, మాకు కావలసిన ఎస్టర్ పైన. మూత తీస్తే గది నిండా పండిన అరటిపండు వాసన. మేడమ్ ఐఆర్ గ్రాఫ్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పదార్థాన్ని పరీక్షించగా వచ్చేది) మా ముందు పెట్టి, 3300 దగ్గరుండే వెడల్పాటి ఆల్కహాల్ పీక్ పోయిందనీ, 1740 దగ్గర కార్బొనిల్ పీక్ వచ్చిందనీ మా చేతే చెప్పించారు. ఎంత పెద్ద పేరున్న కాలేజీలోనైనా ఇంతకన్నా బాగా చెబుతారని నేననుకోను.

ఆ ల్యాబ్ పార్ట్‌నర్ అక్కది వరంగల్. బీఫార్మసీ చేసి, పెళ్లయ్యాక హెచ్4 (భర్త ఉద్యోగ వీసాతో వచ్చే డిపెండెంట్ వీసా) మీద వచ్చింది. ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టర్లతో కలిసి రోగుల్ని చూసే ఉద్యోగం) కోర్సు చెయ్యాలని ఆమె కోరిక. సైన్స్ సబ్జెక్టులు అమెరికాలోనే చదివి ఉండాలని చాలా ప్రోగ్రాములు అడుగుతాయి కాబట్టి, ఒకప్పుడు చదివిన ఆర్గానిక్‌నే మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది. పసిపిల్లని అత్తగారి దగ్గర వదిలి వచ్చేది. ఒక్క రోజు కూడా లేటుగా రాలేదు. రాత్రి షిఫ్టు అయ్యాక అంబులెన్స్ యూనిఫామ్‌లోనే వచ్చి కూర్చునే అతను ఇంకొకరు. తక్కువ కాలేజీ అని మనవాళ్లు అనే చోట ఇలాంటివాళ్ల పక్కన కూర్చుని చదివాను. ఆ మాట ఇప్పుడు ఎవరన్నా అంటే నాకు బాధగా ఉంటుంది.

ఆర్గానిక్ రెండు భాగాల్లోనూ నాకు 'ఏ' గ్రేడ్ వచ్చింది. క్రెడిట్లు మా యూనివర్సిటీకి చేరాయి కానీ గ్రేడ్లు అక్కడి జీపీఏలో కలవలేదు. మెడికల్ స్కూళ్ల అప్లికేషన్ ఏఎంసీఏఎస్‌లో మాత్రం ప్రతిదీ కలుస్తుంది. ఎక్కడ చదివినా, ఒకటే కోర్సు అయినా, ఆ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ పంపాల్సిందే. సైన్స్, లెక్కల గ్రేడ్లతో బీసీపీఎం అని వేరే జీపీఏ కడతారు. తక్కువ గ్రేడ్ వచ్చిందని మళ్ళీ చదివితే రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి. సమ్మర్‌లో డ్రాప్ గడువు చాలా త్వరగా అయిపోతుంది కాబట్టి, మొదటి పరీక్ష చూసుకుని ఉండాలో మానాలో అప్పుడే తేల్చుకోవాలి.

పైన చెప్పిన ఆ కొన్ని స్కూళ్ల కోసం, ఆర్గానిక్ మీద ఆధారపడే బయోకెమిస్ట్రీని ఆ ఫాల్ టర్మ్‌లో (సమ్మర్ అయ్యాక వచ్చేది) యూనివర్సిటీలోనే తీసుకున్నాను. మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లోని కెమిస్ట్రీ-ఫిజిక్స్ సెక్షన్లో ఆర్గానిక్ వాటా సుమారు 15 శాతమే, బయోకెమిస్ట్రీది 25. బయోకెమిస్ట్రీని మాత్రం సమ్మర్‌కి నెట్టొద్దని ఎవరడిగినా చెప్తాను. అందులోనూ 'ఏ' గ్రేడే వచ్చింది. ఒక ఇంటర్వ్యూలో ఆర్గానిక్ అక్కడ ఎందుకు చదివావని అడిగారు. క్లినిక్ గురించి, ఫీజు గురించి ఉన్నదున్నట్టు చెప్పి, తర్వాత చదివిన బయోకెమిస్ట్రీ చూడమన్నాను. ఆయన తలాడించి, క్లినిక్‌కి వచ్చే పెద్దవాళ్ల గురించి అడగడం మొదలుపెట్టారు. సీటు అక్కడే వచ్చింది.

మా పెద్దమ్మ కూతురు ఈ సమ్మర్‌లో ఫిజిక్స్ తీసుకుంటోంది. తనకి చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. గ్రేడ్ పడగానే ట్రాన్‌స్క్రిప్ట్‌ని యూనివర్సిటీకి పంపండి, అడ్వైజర్ ఇచ్చిన ఈమెయిల్ దాచుకోండి. అప్లై చేసే ఏడాది మే నెలలో ఏఎంసీఏఎస్ తెరుచుకోగానే ఆ కాలేజీ నుంచి ఇంకో కాపీ పంపించమని అడగండి. అది చేరేదాకా అప్లికేషన్ వెరిఫికేషన్ మొదలవ్వదు.