ఒక గాలం కర్ర, మూడు ఊళ్ల బజార్లు

గాలం కర్ర సొంతంగా కట్టుకుంటే చవకలో అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కొట్లో వేలాడే మామూలు కర్ర కన్నా చవకగా ఎప్పటికీ రాదు. పేరున్న కంపెనీల ఖరీదైన కర్రలతో పోల్చుకుంటే మాత్రం బాగానే మిగులుతుంది, అదీ ఏ వస్తువు ఎక్కడ కొనాలో తెలిస్తేనే. ఆ సంగతేదో చూద్దామనే మే నెలాఖరులో గోదావరి జిల్లాలకు బయల్దేరాను. రాజమండ్రిలో దిగడం, కోనసీమ మీదుగా నరసాపురం, అక్కణ్ణుంచి భీమవరం, తిరిగి రాజోలు. రాజోల్లో మా మేనమామ ఇల్లు. ఆయన కొడుకూ నేనూ ఒక ఈడువాళ్లం, బండి వాడిదే.

నా లెక్కలో కర్రకి మనస్ఫూర్తిగా డబ్బు పెట్టాల్సినవి మూడే. బ్లాంకు, తంగూసు దూరే రింగులు, పైన పూసే ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు. ఈ మూడూ ముందే ఆన్‌లైన్లో తెప్పించి మామయ్య వాళ్లింటికి పార్శిల్ పెట్టించాను. బ్లాంకు అంటే పిడీ రింగులూ ఏమీ లేని ఒట్టి కర్ర. తూకం వేస్తే వంద గ్రాములు కూడా ఉండదు. కానీ పార్శిల్ వాళ్లు చూసేది తూకం కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. ఏడడుగుల ఒంటి ముక్క బ్లాంకుని 8 సెంటీమీటర్ల చదరపు డబ్బాలో పెడితే వాళ్ల లెక్కకి 2.7 కిలోలు అవుతుంది. రెండు ముక్కలదైతే దాదాపు అందులో సగం. అతుకు ఉన్న చోట కర్ర వంపు కాస్త బిగుస్తుందని పట్టింపు ఉన్నవాళ్లు అంటారు. నిజమే, కానీ పండుగప్ప చేపకి ఆ తేడా తెలుస్తుందని నేననుకోను. నేను రెండు ముక్కలదే తీసుకున్నాను.

రింగులు కూడా అదే పార్శిల్లో. అడుగుకి ఒకటి, పైన ఇంకొకటి చొప్పున ఏడడుగుల కర్రకి ఏడెనిమిది కావాలి. విడివిడిగా కాకుండా సెట్టుగా కొంటే నయం. ఒక్క కొస రింగు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. దాని గొట్టం కొలత అంగుళంలో అరవై నాలుగో వంతుల్లో చెబుతారు, మిగతా రింగులన్నీ మిల్లీమీటర్లలో. బ్లాంకు కొసని వెర్నియర్‌తో కొలిచి 2.4 మిల్లీమీటర్లు వస్తే 6 నంబరు గొట్టం సరిపోతుంది. ఆ కొలత తెలియకుండా సెట్టు ఆర్డరు పెట్టకూడదు.

గౌతమి ఎక్స్‌ప్రెస్ తెల్లారకుండానే దింపేసింది. బజారు తెరిచేసరికి పది దాటుతుంది కాబట్టి ముందు ధవళేశ్వరం వెళ్లాం. కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇప్పుడు కనిపించే గేట్ల బ్యారేజీ తర్వాత కట్టింది. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు కదా, ఇంకా నీళ్లు వదల్లేదు. లాకుల కింద గుంటల్లో మిగిలిన నీళ్ల దగ్గర నలుగురైదుగురు వెదురు కర్రలు పట్టుకుని కూర్చున్నారు. ఒక పెద్దాయన సరంజామా చూశాను. ఏజెన్సీ వైపు నుంచి వచ్చిన సన్న వెదురు, సెగ మీద చూపించి తిన్నగా చేసుకున్నది. కొసకి తంగూసు ముడి, దానికి జీలుగు బెండు, సీసం గుండు, గాలం. ఎరకి వానపాములు డబ్బాలో. మా బావ నా పార్శిల్ గురించి చెప్పేశాడు. ఆయన ఓపిగ్గా విని, “అంతా అయ్యాక పడేది ఈ జెల్లే కదండీ?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన బుట్టలో అప్పటికే కూరకి సరిపడా ఉన్నాయి.

పది దాటాక తాడితోట. బట్టల హోల్‌సేల్ మార్కెట్ ఉన్న పేట కాబట్టి దారాలకి లోటుండదు. రింగులను కర్రకి పట్టి ఉంచేది దారం చుట్టే. ఈ పనికని ప్రత్యేకంగా అమ్మే నైలాన్ దారం చిన్న ఉండ కూడా ఖరీదే, రంగులు కావాలంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకని ఒక మ్యాచింగ్ సెంటర్‌లోకి దూరాం. పెళ్లిళ్ల సీజను, లోపల ఆడవాళ్లు చీరలు పరిచి జాకెట్టు ముక్కలు చూసుకుంటున్నారు. కౌంటర్లో ఉన్నావిడ, “చీర తెచ్చారా బాబూ?” అంది.

“చీరకి కాదండీ, గాలం కర్రకి,” అన్నాను. పక్కనున్న ఇద్దరు నవ్వేశారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఏ పని చేయాలో అడిగి, మామూలు కుట్టు దారం పెట్టె పక్కకి నెట్టేసి, మిషన్ ఎంబ్రాయిడరీ దారాల ట్రే ముందుకు లాగింది.

ఆవిడ ఎంచింది సరైనదే. కుట్టు దారాలు పొట్టి పోగులతో వడికినవి, చుట్టూ నూగు ఉంటుంది. దాని మీద ఎపాక్సీ పూస్తే నూగంతా లేచి గరుకుగా నిలబడుతుంది. పొడవునా తెగని పోగులతో చేసిన నైలాన్, పాలిస్టర్ దారాలు కావాలి. కొట్లో తేల్చుకోవడం తేలిక. దారం మూర బారున లాగి వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే నూగు కనిపిస్తుంది. రెండో పరీక్ష తడిపి చూడటం. ఎపాక్సీ తగిలాక దారం రంగు ముదురుతుంది, తెల్ల నైలాన్ అయితే గాజులా మారి కింద బ్లాంకు కనబడుతుంది. ఆవిడ గ్లాసులో నీళ్లు ఇచ్చింది. నేను వేలు ముంచి ఒక్కో ఉండ కొసనీ తడుపుతూ పోయాను. చిలకాకుపచ్చ అనుకున్నది తడవగానే ముదురాకు పచ్చ అయింది. మెరూన్ నల్లబడింది. రాగి రంగొకటి ఏమీ మారకుండా నిలబడింది, అది తీసుకున్నాను. అంచులకి మగ్గం వర్క్ వాళ్లు వాడే సన్న జరీ ఒక ఉండ. రెండూ కలిపి వంద రూపాయలు కాలేదు. వస్తుంటే, “చేప పడితే ఫోటో చూపించాలి,” అంది. ఒక మాట చెప్పాలి. ఎంబ్రాయిడరీ దారం రింగు కాళ్ల మీద అలంకారానికి కాదు, పట్టుకే వాడబోతున్నారంటే ముందు కొంచెం తెంపి చూసుకోండి. చేతికి ఇట్టే తెగేది జరీ పక్కన చారకి తప్ప పనికిరాదు.

ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో వైర్ల మీద తొడిగే, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్, లావుది, పిడి కోసం మీటరు కొన్నాం. టీవీలూ ఓవెన్లూ బాగుచేసే కొట్లో మైక్రోవేవ్ ఓవెన్ పళ్లెం తిప్పే చిన్న మోటారు. నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది, 220 వోల్టుల కరెంటు మీదే నడుస్తుంది. ఎపాక్సీ గట్టిపడే దాకా కర్ర నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి, లేకపోతే ఒక పక్కకి జారి బొట్టు కట్టేస్తుంది. ఈ పనికని తయారుచేసిన యంత్రాలు వేలల్లో ఉన్నాయి. ఈ మోటారు ఏ పక్కకి తిరుగుతుందో దానికే తెలియదు, ఒకసారి ఇటు, ఒకసారి అటు. తిరగడమే ముఖ్యం కాబట్టి ఫర్వాలేదు.

మందుల షాపులో సిరంజిలు కొనాలని బావ అన్నాడు, నేనే వద్దన్నాను. ఎపాక్సీ రెండు సీసాలూ సరిసమానంగా కలపాలంటే సిరంజి మంచి సాధనమే. అయితే ముషలకానికి రబ్బరు ఉన్నవాటిలో సులువుగా జారడానికి సిలికాన్ నూనె రాస్తారు. అది ఎపాక్సీలో కలిసిందంటే పూత మీద చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. రబ్బరు లేని ప్లాస్టిక్‌వి దొరికితేనే కొనండి.

ఎపాక్సీలో మాత్రం పొదుపు చూడను. పాకెట్లలో దొరికే అరాల్డైట్ రీల్ సీటుని, అంటే తంగూసు చుట్టే రీల్‌ని కర్రకి బిగించే భాగాన్ని, అంటించడానికి బాగుంటుంది, నిదానంగా గట్టిపడే రకం ఇంకా మంచిది. దారం మీద పూతకి అది పనికిరాదు, చిక్కగా ఉండి బుడగలు పోవు, పసుపు తిరుగుతుంది. రెజిన్ ఆర్ట్ సీసాలు క్రాఫ్ట్ కొట్లలో కనిపిస్తాయి, చూడటానికి అద్దంలా ఉంటాయి. బల్ల మీద కదలకుండా ఉండటానికి చేసిన రెజిన్‌ని రోజంతా వంగే కర్ర మీద పూస్తే ఎప్పుడో ఒకప్పుడు పగుళ్లిస్తుంది.

రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేట బండి మీద దాటేశాం. రాజోల్లో భోజనం, నిద్ర. మర్నాడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం. బళ్లూ, కొబ్బరికాయల బస్తాలూ, స్కూటీల మీద ఆడపిల్లలూ, అందరూ ఒకే పలక మీద. వశిష్ఠ గోదావరి అక్కడ బాగా వెడల్పు. పోటు నీళ్లు పైకి వస్తున్నాయి, రంగు చూస్తేనే తెలుస్తోంది. పండుగప్ప తిరిగేది ఇలాంటి ఉప్పూ మంచీ కలిసే నీళ్లలోనే, నా కర్ర కూడా దాని కోసమే. బావ మాత్రం పులస గురించే మాట్లాడాడు. పుస్తెలమ్మి అయినా తినాలంటారు, ఆ పులస గాలానికి కాదు వలకే పడుతుంది, వానలు పడి వరద నీళ్లొచ్చాక. ఈ సంగతి చెప్పి అతని సంబరం చెడగొట్టాను.

నరసాపురంలో వలల కొట్లు ఆ రోజుల్లో కళకళలాడుతుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. బోట్లు కట్టేసి ఉంటాయి, అందరూ వలలు బాగుచేసుకునే పనిలో ఉంటారు. దారం ఇక్కడ కిలోల లెక్కన. ఉండల మీద 210 అని మొదలయ్యే నంబర్లుంటాయి. 210 అనేది డెనియర్ లెక్కలో ఒక్కో పోగు మందం, ఆ తర్వాతి అంకెలు ఎన్ని పోగులు పేనారో చెబుతాయి. అంకె పెరిగేకొద్దీ తాడు లావు. సన్న రింగులకి ఏదీ నప్పదు. నేను వచ్చింది పిడి కోసం. కార్క్ పిడి అందమే, కానీ ఆ బెరడు ఎక్కడో పోర్చుగల్ వైపు నుంచి రావాలి. ఇక్కడ రెండు మిల్లీమీటర్ల నైలాన్ తాడుని బ్లాంకు అడుగున వాలుగా, చుట్టుకీ చుట్టుకీ వేలెడు ఎడంతో చుట్టి, ఎదురు దిశలో మళ్లీ చుట్టి, పైన రాజమండ్రి స్లీవ్ తొడిగి వేడి చూపిస్తే బిగుసుకుపోతుంది. లోపలి తాడు డైమండ్ గళ్లుగా పైకి తేలుతుంది. తడి చేతికి జారదు. కిలోల్లో అమ్మే కొట్టాయన నాకు కావాల్సిన పది మీటర్లకి డబ్బులు తీసుకోలేదు. “దీనికి లెక్కేంటండి,” అన్నాడు. పక్కనే సీసం గుండ్లు కొన్నాను, ఆ మొహమాటానికి.

భీమవరం చెరువుల ఊరు, రొయ్యల మేత, ఏరేటర్ల కొట్లే ఎక్కువ. అక్కడ గాలాల కొట్లో నాకు కావాల్సింది మూలన పడేసిన విరిగిన కర్రల కట్ట. కొసలు విరిగినవి, మడత కర్రలు, కారు తలుపులో నలిగినవి. కట్టంతా కలిపి బేరం చేస్తే రెండు రీల్ సీట్లూ, ముందు ముందుకి పనికొచ్చే రింగులూ దాదాపు ఉట్టినే వచ్చినట్టు. కొనే ముందు ప్రతి రింగు లోపలా చెవిలో పెట్టుకునే దూది పుల్ల తిప్పాను. పింగాణీలో వెంట్రుకవాసి పగులున్నా దూది పోగు పట్టుకుంటుంది. అలాంటి రింగు తంగూసుని బ్లేడులా కోసేస్తుంది. సగం దాకా పక్కన పడేశాను. కొట్టబ్బాయి అదంతా చూస్తూ, “ఇంట్లో కూడా ఇలాగే కూరగాయలేరుతారాండీ?” అన్నాడు. మిగిలినవి ఊడదీయడం తేలికే. లైటరు సెగ కాస్త చూపించి, రింగు కాలి మీద, ఇనుము తగిలే వైపు బ్లేడుతో గీస్తే పూత ఒలిచినట్టు వస్తుంది.

రాజోలు ఇంటి వసారాలో రెండు పూటలు కూర్చుని కర్ర కట్టాను. ముందు బ్లాంకుని నేల మీద ఆనించి వంచి దొర్లిస్తే ఒక చోటికి రాగానే దానంతటదే తిరిగి నిలబడుతుంది, ఆ గట్టి వెన్ను చూసి గుర్తు పెట్టాలి. రీల్ సీటు రంధ్రం 17 మిల్లీమీటర్లది, బ్లాంకు సన్నం. మధ్య ఖాళీకి మాస్కింగ్ టేపు రెండు మూడు చోట్ల పట్టీలుగా చుట్టి, వాటి నడుమ ఎపాక్సీ నింపాను. రింగులను ముందు టేపుతో అంటించి, తంగూసు దూర్చి, కొసకి నీళ్ల సీసా కట్టి వంచి చూశాం. మూడో రింగు దగ్గర తంగూసు మూల తిరుగుతోంది, దాన్ని అంగుళం జరిపాక వంపు సాఫీగా వచ్చింది. అత్తయ్య వంటింటి గడప మీద నుంచి, “ఇంత చదువూ దీనికా?” అంది. పూత రాత్రి పూట వద్దు, డెల్టా గాలిలో తేమకి పైన జిగట పొర కడుతుంది. మధ్యాహ్నం వడగాలి వేళ పూసి, మోటారుకి తగిలించి వదిలేశాం. కరెంటు ఒక్కసారి పోయింది, అరగంట బావా నేనూ మార్చి మార్చి చేత్తో తిప్పాం.

కోనసీమలో కర్ర పట్టుకుని తిరిగేవాళ్లకి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. బ్లాంకులో కార్బన్ ఉందంటే అది కరెంటు తీగతో సమానం. కాలువ గట్ల మీదుగా, చెరువుల మీదుగా 11 కేవీ లైన్లు బాగా కిందికి వేలాడుతుంటాయి. ఏడడుగుల కర్రకి ఎత్తిన చెయ్యి తోడైతే ఎంత ఎత్తు పోతుందో చూసుకోండి. లైను కింద గాలం విసరొద్దు, నడిచేటప్పుడు కర్రని నేలకి వాల్చి పట్టుకోండి.

కొస రింగుని ఎపాక్సీతో కాకుండా వేడికి కరిగే గ్లూ స్టిక్‌తో అంటించాను, విరిగితే లైటరు చూపించి మార్చుకోవచ్చు. బావ కర్ర ఊపి చూసుకుని, తనకీ ఒకటి కావాలన్నాడు, కాకపోతే కొర్రమీనుకి, పొట్టిది, బిగువైనది. భీమవరం రీల్ సీట్లలో ఒకటి మిగిలింది, రాగి దారం ఇంకా సగం ఉండ ఉంది. బ్లాంకు మాత్రం నా ఖర్చు కాదని ముందే చెప్పేశాను.