రణస్థలం ఊరా, యుద్ధభూమా: తెలుగు ఊరి పేర్లకు రూల్స్ రాసిన నా అనుభవం

విజయనగరంలో ఇంటి నుంచే టెక్స్ట్ యానోటేషన్ పని చేస్తున్నాను. వార్తల్లో, వ్యాసాల్లో ఊరి పేరు కనబడిన ప్రతిచోటా గుర్తు పెట్టాలి. ముందు రూల్స్ (పేరు ఎలా ఉంటుందో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే సూత్రాలు) నడిపి సాఫ్ట్‌వేర్ చేత పట్టిస్తాం, తర్వాత మనిషి సరిచూస్తాడు. మా చేతికొచ్చిన రూల్స్ ఇంగ్లీషు కోసం రాసినవి. వాటికి తెలుగు ఊళ్ల జాబితా తగిలించి నడిపితే మా రెండు జిల్లాల (పాత విజయనగరం, శ్రీకాకుళం) పేర్లు చాలావరకు జారిపోయేవి.

జారిపోవడంలో కూడా ఒక వింత ఉంది. ‘శ్రీకాకుళంలో’ అని ఉంటే దొరుకుతోంది, వట్టి ‘శ్రీకాకుళం’ దొరకడం లేదు. ‘పలాస’ది సరిగ్గా తలకిందులు: వట్టిది దొరుకుతుంది, ‘పలాసలో’ దొరకదు. ఇది జాబితా లోపం కాదని అక్కడే అర్థమైంది. మేం వాడే ప్రోగ్రామింగ్ భాష పైథాన్. దాంతో వచ్చే, టెక్స్ట్‌లో మాటల్ని వెతికే మామూలు రీ మాడ్యూల్‌కి హల్లు అక్షరమే గానీ గుణింతం గుర్తులు, పొల్లు, సున్నా అక్షరాలు కావు. శ్రీకాకుళాన్ని పదాలుగా విడగొట్టమంటే శ, ర, క, క, ళ అని ఐదు ముక్కలు చేతిలో పెడుతుంది. రూల్‌లో పదం హద్దు కోసం బ్యాక్‌స్లాష్ బి అనే గుర్తు పెట్టారు. ఒకపక్క అక్షరం, ఇంకోపక్క అక్షరం కానిది ఉంటేనే అది హద్దు అంటుంది. సున్నా అక్షరం కాదు, దాని తర్వాతి ఖాళీ కూడా అక్షరం కాదు. రెండూ ఒకే కోవ కాబట్టి దానికి అక్కడ హద్దు లేదు. సున్నా పక్కన ‘లో’ వస్తే మాత్రం హద్దు కనిపిస్తుంది. బొబ్బిలి, టెక్కలి, అరసవల్లి... గుణింతంతో ముగిసే పేర్లన్నిటిదీ ఇదే గతి. రెజెక్స్ అనే వేరే లైబ్రరీ గుర్తుల్ని కూడా పదంలో భాగంగానే లెక్కేస్తుంది. దానికి మారిపోయాం.

హద్దులు కుదిరాక అసలు పని మొదలైంది: విభక్తులు. ఒక్కో ఊరికి అన్ని రూపాలూ జాబితాలో ఎక్కించేద్దామని టీమ్‌లో కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎన్ని ఎక్కించినా ‘విజయనగరమంతా’ అనో ‘పొందూర్లో’ అనో ఇంకోటి వస్తూనే ఉంటుంది. పేరు దేనితో ముగుస్తుందో చూసి రూల్ రాశాను. సున్నాతో ముగిసేవాటికి -ంలో, -ంనుంచి ఒక వరస. సున్నా పోయి -ానికి, -ాన్ని, -పు, -మే అయ్యేది ఇంకో వరస. పొందూరు, సాలూరు లాంటివాటికి చివరి ఉకారం పోయే రూపాలు కలిపాను. బొబ్బిలి, పలాసలకు మూలం కదలదు, ప్రత్యయం తగిలిస్తే సరిపోతుంది. ప్రతి రూపానికీ మూలం పేరే ఐడీగా ఇచ్చాం. అందుకే ఇప్పుడు ‘విజయనగరానికి’ అన్నా, ఎవరి మాటల్నో ఉన్నదున్నట్టు రాసినచోట ‘ఇజీనగరం’ అన్నా ఒకే ఊరి కిందికి చేరుతున్నాయి. ఎస్.కోట, శృంగవరపుకోట కూడా అంతే.

ఒకే చోట రెండు రూల్స్ తగిలితే పొడవైనదానికే పెద్దపీట. మేం వాడే స్పేసీ అనే భాషా లైబ్రరీలో, రూల్స్‌తో పేర్లు పట్టే ఎంటిటీ రూలర్ మామూలుగానే అలా చేస్తుంది. అయితే ఆ పొడవైన పేరు జాబితాలో మనం పెట్టి ఉండాలి. ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. ఆ సంగతి ఇక్కడివాళ్లకి తెలుసు, రూల్‌కి తెలీదు. ‘బొబ్బిలి యుద్ధం’ 1757 నాటి సంఘటన, అందులో బొబ్బిలిని విడిగా ఊరని గుర్తు పెట్టకూడదు. ఊరికి జిల్లా కూడా రాసేచోట తేదీ చూడాలి: 2022 ఏప్రిల్‌లో రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లింది.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది మా ఊరి గురించే. ‘విజయనగర రాజులు దసరా ఘనంగా జరిపేవారు’ అన్న వాక్యం హంపీ గురించీ కావచ్చు, మా ఊరిని ఏలిన పూసపాటివారి గురించీ కావచ్చు. పక్క మాటల్ని బట్టి తేల్చే రూల్ రాద్దామని కూర్చుంటే ఒక్కో మాటా చేజారింది. దసరా రెండు చోట్లా ఉంది. గజపతి అంటే పూసపాటివారి బిరుదూ అవుతుంది, శ్రీకృష్ణదేవరాయలు యుద్ధం చేసిన కళింగ గజపతీ అవుతాడు. సింహాచలం వేద్దామంటే రాయలవారి శాసనాలు అక్కడే ఉన్నాయి, ఆ దేవస్థానానికి అనువంశిక ధర్మకర్తలు పూసపాటివారే. మా వీధిలో రిటైరైన తెలుగు మాస్టారికి చూపిస్తే, ‘రాజులెవరో తర్వాత తేలుతుందిలే బాబూ. ముందు ఆ పేరాలో ఏ ఏరుంది, ఏ దేవుడున్నాడు, అది చూడు’ అన్నారు. అలాగే చేశాం. తుంగభద్ర, విరూపాక్షుడు ఒక వైపు. చంపావతి, పైడితల్లి, సిరిమాను ఇంకో వైపు. వెతకడం కూడా పక్క పదం దగ్గర ఆపకుండా పేరా మొత్తానికి పెంచాం. రూల్ మెరుగుపడిందంటే ఆ ఒక్క సలహా వల్లే ఎక్కువ.

రణస్థలం ఇంకా తెగలేదు. ‘రణస్థలం వద్ద జాతీయ రహదారిపై’ అంటే ఊరే, అనుమానం లేదు. ‘ఎన్నికల రణస్థలంలో’ అంటే కాదు. కానీ శీర్షికలో ‘రణస్థలంలో హోరాహోరీ’ అని రెండు ముక్కలుంటే ఏం చెప్పగలం? భామిని మండలం, గార మండలం కూడా ఇదే తరహా. ఇలాంటి పేర్లకు వేరే రంగు పెట్టాం: పక్కన మండలం, పోలీసులు, రహదారి లాంటి ఆధారం ఉంటేనే రూల్ గుర్తు పెడుతుంది, లేకపోతే పసుపు రంగు వేసి మనిషికి వదిలేస్తుంది. పసుపు పడినవి ఈ రెండు జిల్లాల వాళ్లే చూడాలని పట్టుబట్టాను, ఒప్పుకున్నారు. ఇప్పుడు బొబ్బిలి, పాలకొండ ఇంటిపేర్లుగా వచ్చే వాక్యాలు ఏరుతున్నాను. తర్వాతి రూల్ వాటికే.