ఉలికిపాటుకో మాట, నివ్వెరపాటుకో మాట

మన బడి ఇంగ్లీషు పీరియడ్ అనగానే మా తరగతి వాళ్లకు గుర్తొచ్చే తప్పు ఒకటుంది: ‘ఐ యామ్ సర్‌ప్రైజింగ్’. రాసినవాళ్ల ఉద్దేశం ‘నాకు ఆశ్చర్యంగా ఉంది’ అని. దానికి వచ్చే అర్థం మాత్రం ‘నేను ఆశ్చర్యం గొలిపే మనిషిని’ అని. సూత్రం చిన్నదే. కలిగించేదానికి ‘ఇంగ్’, కలిగినవారికి ‘ఎడ్’. వార్త షాకింగ్, విన్నవాళ్లు షాక్డ్. ఒక్క ‘స్కేర్’ దగ్గర జాగ్రత్త పడాలి. పిల్లవాడు స్కేర్డ్, కానీ వాణ్ణి భయపెట్టిన సినిమా స్కేరీ. దాన్ని ‘స్కేరింగ్’ అనరు.

ఇది వ్యాకరణం, పదిసార్లు దిద్దితే పట్టుబడుతుంది. అసలు కష్టం అన్నిటికీ ‘షాక్’ ఒక్కటే వాడే అలవాటుతో. తెలుగులో ‘షాకయ్యాను’ మంచికీ చెడుకీ చెల్లుతుంది. ఇంగ్లీషులో షాక్డ్ అంటే చెడు వార్త తగిలిందనో, ఎదుటివాళ్లు చేసింది మనకు తప్పుగా తోచిందనో అర్థం. ‘ఐ వాజ్ షాక్డ్ బై హిజ్ బిహేవియర్’ అంటే అతని తీరును తప్పుపడుతున్నామన్నమాట. ఫస్టు ర్యాంకు తెచ్చుకున్న స్నేహితురాలితో ‘నీ మార్కులు చూసి షాకయ్యాను’ అని ఇంగ్లీషులో అంటే, నీకంత తెలివి ఉందనుకోలేదు అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ అమేజ్డ్ అనాలి, లేదా ‘ఎ ప్లెజెంట్ సర్‌ప్రైజ్’ అనాలి. ‘ఎ’ మరిచిపోకూడదు. ‘వాట్ ఎ సర్‌ప్రైజ్!’, ‘ఐ గాట్ ఎ షాక్’. ఆ చిన్న అక్షరం లేకపోతే వాక్యం కుంటుతుంది.

మాట ఎంచుకునే ముందు చూడాల్సింది ఆ అనుభవం ఎంతసేపు ఉందన్నది. స్టార్టిల్ అంటే ఉలిక్కిపడటం. అది క్షణంలో పుట్టి క్షణంలో పోతుంది, అది మన చేతిలో ఉండదు. మనుషుల్లో, జంతువుల్లో భావోద్వేగాలు పైకి కనిపించే తీరుపై 1872లో వెలువరించిన గ్రంథంలో చార్లెస్ డార్విన్ దీనికి చక్కటి ఉదాహరణ ఇచ్చాడు. లండన్ జంతు ప్రదర్శనశాలలో మందపాటి అద్దానికి ముఖం ఆనించి, అవతల పాము కాటేయబోయినా కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము కాటేయబోగానే ఒకటి రెండు గజాలు వెనక్కి దూకాడు. అద్దం ఉందని బుద్ధికి తెలుసు, ఒంటికి తెలియదు. స్టార్టిల్డ్ అన్న మాటకు ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఇంకోటి కనిపించలేదు. అదే పుస్తకంలో ఆయన ఒక వరుస కూడా చెప్పాడు: ధ్యాస హఠాత్తుగా మళ్లితే సర్‌ప్రైజ్, అది పెరిగితే అస్టానిష్‌మెంట్, ఇంకా పెరిగితే మొద్దుబారిన అమేజ్‌మెంట్. ఆ చివరి దశ భయానికి పొరుగున ఉంటుంది. ఈ మెట్లు గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే.

మిగతా సగానికి మన తెలుగే సాయం. డంబ్‌ఫౌండెడ్‌లో ఉన్న ‘డంబ్’ మూగతనం. మన ‘అవాక్కవడం’లో ఉన్నదీ మాట లేకపోవడమే. హారిఫై లాటిన్‌లో వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నుంచి వచ్చింది, అంటే అచ్చంగా మన గగుర్పాటు. ఘోరానికి నిర్ఘాంతపోవడాన్ని చెప్పే అపాల్డ్ పాత ఫ్రెంచిలో ‘పాలిపోవడం’ అన్న మాట నుంచి పుట్టింది. పెట్రిఫైడ్ అంటే రాయిగా మారడం. మనవాళ్లు కొయ్యబారారు, వాళ్లు రాయబారారు, అంతే తేడా. అస్టానిష్, అస్టౌండ్, స్టన్ మూడింటికీ వేరు ఒకటే, లాటిన్‌లో ఉరుము. పిడుగుపాటుకు గురైనట్టు అన్న మన పోలిక అక్కడా ఉంది. వాడుకలో అస్టానిష్ బరువు తగ్గింది, స్టన్ ఇంకా దెబ్బలాగే ఉంది. పత్రికల్లో సంతాప వార్తలకు వాడే ‘దిగ్భ్రాంతి’ని విడదీస్తే దిక్కు తెలియకపోవడం. దాని అక్షరార్థానికి దగ్గరిది షాక్ కాదు, బివిల్డర్డ్. అడవిలో దారి తప్పిన భావం అందులో ఉంది. కానీ అనువాదంలో షాక్ అనే రాయాలి, ఎందుకంటే వాడుక అర్థం అది.

వెరీ అన్న మాట అన్నిటికీ అతకదు. వెరీ సర్‌ప్రైజ్డ్, వెరీ ఫ్రైటెన్డ్ బాగుంటాయి. టెర్రిఫైడ్, అస్టౌండెడ్, పెట్రిఫైడ్ లాంటివి ఇప్పటికే కొసకు చేరిన మాటలు, వాటిముందు అబ్సల్యూట్లీ రావాలి. భయపడే అలవాటు చెప్పాలంటే ‘ఆఫ్’: కుక్కలంటే భయం, స్కేర్డ్ ఆఫ్ డాగ్స్. ఒక్కసారి జరిగినదానికి ‘బై’: ఫ్రైటెన్డ్ బై ది నాయిజ్. అఫ్రెయిడ్ (భయపడిన), అఘాస్ట్ (హడలిపోయిన) రెండూ నామవాచకం ముందు నిలబడవు. ‘యాన్ అఫ్రెయిడ్ బాయ్’ తప్పు, ‘ఎ ఫ్రైటెన్డ్ బాయ్’ ఒప్పు.

అందరూ బోల్తాపడేది టెర్రిఫిక్ దగ్గర. ఒకప్పుడు అది భయం పుట్టించేది అనే అర్థంలోనే ఉండేది. ఇప్పుడు ‘భేష్’ అని అర్థం. హారిఫిక్ మాత్రం దారి మార్చుకోలేదు, ఇప్పటికీ ఘోరమే. రెండూ ఒకేలా ధ్వనిస్తాయని ప్రమాద వార్తలో టెర్రిఫిక్ యాక్సిడెంట్ అని రాస్తే ప్రాణనష్టాన్ని మెచ్చుకున్నట్టు అవుతుంది.

ఫ్లాబర్‌గాస్టెడ్ (బిత్తరపోయిన) చూడటానికి తమాషాగా ఉన్నా కొత్తది కాదు, 1772లోనే కొత్త ఫ్యాషన్ మాటగా అచ్చులో కనిపించింది. కబుర్లలో వాడుకోవచ్చు, దరఖాస్తులో వద్దు. గాబ్‌స్మాక్డ్ బ్రిటిష్ వాళ్ల మామూలు మాట. గాబ్ అంటే నోరు, స్మాక్ అంటే చరుపు. నోరెళ్లబెట్టినవాళ్లకు బాగా సరిపోతుంది, పరీక్ష పేపర్లో మాత్రం మార్కు పోతుంది. స్పెల్లింగులో ఎక్కువమంది మింగేసేది సర్‌ప్రైజ్‌లోని మొదటి ‘ఆర్’. పలికేటప్పుడు వినపడకపోయినా రాసేటప్పుడు అది ఉండాలి.