తొమ్మిది మస్టర్లు తక్కువ

హనుమకొండలో తెల్లారకముందే బస్సెక్కితే కిటికీ సీటు ఒకటి ఖాళీగా దొరికింది. సంక్రాంతి వెళ్లిన వారంలో అంత రద్దీ బస్సులో అది ఎందుకు ఖాళీగా ఉందో హసన్‌పర్తి దాటాక తెలిసింది, అద్దం సగం దాకానే మూసుకుంటుంది. కేస్లాపూర్‌లో నాగోబా జాతర చూద్దామని మంకీ క్యాప్, స్వెటర్, దాని మీద అమ్మ శాలువా కూడా వేసుకుని బయల్దేరినా, ఎల్కతుర్తి వచ్చేసరికి చెవులు ఉన్నాయో లేవో తెలియట్లేదు. పక్కన కుర్రాడేమో పొట్టి చేతుల టీషర్టులో హాయిగా కూర్చున్నాడు.

"అన్నా, ఇటు జరుగుండ్రి, నేను అటు కూసుంట. ఇదేం చలి?" అన్నాడు. పరకాల పిల్లగాడే, ఇప్పుడు వాంకూవర్ పక్కన సర్రేలో ఉంటాడట.

హుజూరాబాద్‌లో టీ ఇరవై రూపాయలు. రెండు గుక్కలు కూడా రాని పేపర్ కప్పు! మా ఇంటి దగ్గర పది రూపాయలకు గ్లాసు నిండా పోస్తారు. ఆ చిరాకులో ఉంటే వాడు సకినాల డబ్బా తీసి చేతిలో పెట్టాడు, దాంతో కొంచెం మెత్తబడ్డాను. అక్కణ్నుంచి కరీంనగర్ దాకా ఒకటే ముచ్చట, ఐస్ హాకీ. నాకు హాకీ అంటే ధన్‌రాజ్ పిళ్లై దగ్గరే ఆగిపోయింది. వీడేమో కెనడా ఐస్ హాకీ ఆటగాడు మానీ మల్హోత్రా అంటాడు. పంజాబీ తండ్రి, ఫ్రెంచ్ కెనడియన్ తల్లి, 1980లో పుట్టాడు, 1998లో న్యూయార్క్ రేంజర్స్ వాళ్లు డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, ఏడో నంబరుగా తీసుకున్నారు. అంత పైన తీసుకున్నారు కదా అని గోల్స్ కుప్పపోసే స్టార్ అయ్యాడా అంటే, కాలేదు. ఫేస్ఆఫ్‌లు గెలవడం, అవతలి జట్టు గోల్ కొట్టకుండా అడ్డుపడటం, అదీ ఆయన పని.

ఫేస్ఆఫ్ ఏమిటో, అంటే ఆట మొదలెట్టేందుకు మధ్యలో వదిలిన బిళ్లను ఎదురెదురు ఇద్దరిలో ఎవరు లాక్కుంటారో, సకినాల డబ్బా మూత మీద చూపించాడు. నీళ్ల సీసా బిరడా పైనుంచి వదిలి, అది మూతకు తగిలీ తగలకముందే చూపుడువేలితో తనవైపు లాగేశాడు. నేనూ నాలుగైదుసార్లు వేలు పెట్టాను. ఒక్కసారీ అందలేదు, ఆఖరికి బిరడా ఎగిరి ముందు సీటు కిందికి పోయింది.

"గిట్ల గుంజుడే ఆయన బతుకుదెరువు. గసుంటోనికి కన్ను పోయినంత పనైంది," అన్నాడు. 2011 మార్చిలో వాంకూవర్‌కు ఆడుతుంటే పక్ వచ్చి ఎడమ కంటికి తగిలింది. గడ్డకట్టించిన గట్టి రబ్బరు బిళ్ల అది. ఆపరేషన్లు అయ్యాయి, సీజన్ అయిపోయిందనుకున్నారు. జూన్‌లో అక్కడి పెద్ద లీగ్ కప్పు, స్టాన్లీ కప్, ఫైనల్ రెండో మ్యాచ్‌కు ముఖమంతా కప్పే హెల్మెట్ పెట్టుకుని దిగాడు. ఆ వీడియో ఫోన్‌లో చూపించాడు. హాలంతా లేచి నిలబడి ఒకటే అరుపులు. ఆ మ్యాచ్ గెలిచారు గానీ కప్పు మాత్రం బోస్టన్ ఎగరేసుకుపోయింది.

2013లో ఆ చూపుతో ఆడటం ప్రమాదమని సొంత క్లబ్బే పక్కన కూర్చోబెట్టింది. అదే ఏడు, 33 ఏళ్ల వయసులో, కింది లీగ్‌లో ట్రయల్ మీద చేరి, కరోలినా జట్టుతో మళ్లీ పెద్ద లీగ్‌కు వచ్చాడు. ఆ తర్వాత మాంట్రియల్‌లో ఒక సీజన్. మొత్తం 991 మ్యాచ్‌లు. వెయ్యి ఆడినవాళ్లకు వెండి స్టిక్ ఇచ్చి సత్కరిస్తారట, ఈయన 991 దగ్గర ఆగిపోయాడు.

వెనక సీట్లో ఒక పెద్దాయన, గోదావరిఖనిలో బొగ్గు బాయి పని చేసి రిటైరైనాయన, అప్పటిదాకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

"తొమ్మిది మస్టర్లే గదా బిడ్డా తక్కువ? ఎవ్వలన్న పడనియ్యకపోయిండ్రా?" అన్నాడు. మస్టర్ అంటే బాయిలో ఒక రోజు హాజరు.

"గట్ల కుదరదు కాకా, టీమ్‌ల తీసుకుంటెనే మ్యాచ్."

పెద్దాయన ఒప్పుకోలేదు. కంటికి దెబ్బ తగిలింది డ్యూటీలో కదా, ఇంట్లో కూర్చున్న రోజులకు కూడా హాజరు పడాల్సిందే, యూనియన్ లేదా అక్కడ అని నిలదీశాడు. యూనియన్ ఉందని వీడన్నాడు. మరి వాళ్లేం చేస్తున్నట్టు? ఐస్ మీదికి దిగితే ముప్పావు నిమిషంలో మనిషిని మారుస్తారని విన్నప్పుడు మాత్రం పక్కున నవ్వి, అంత సేపటికి జీతమెంత అని అడిగాడు. కోట్లలో అనగానే నవ్వు ఆగిపోయింది. నా టికెట్ డబ్బులు పెద్దాయన దగ్గరే వసూలైపోయాయి.

ఖనిలో దిగబోతూ, "ఇప్పుడేం జేస్తుండు?" అన్నాడు. కోచ్ అయ్యాడు, 2025లో అబాట్స్‌ఫర్డ్ జట్టుతో కింది లీగ్ కప్పు, కాల్డర్ కప్, గెలిపించాడని చెప్పాడు వీడు.

"అంటే ఓవర్‌మెన్ అయిండు, బాయిల పనిజేయించెటోని లెక్క. మంచిగనే ఉన్నడు తియ్," అని సంచి సర్దుకుని దిగిపోయాడు.

మంచిర్యాలలో జీపువాడు కేస్లాపూర్‌కు మనిషికి నాలుగొందలన్నాడు. జాతర రోజులని మరీ ఇంత దోపిడా అని నేను గట్టిగా బేరం మొదలుపెట్టి మూడొందలకు దించేలోపు, మావాడు వెనకనుంచి, "ఆరు డాలర్లే గదన్నా, ఎక్కుదాం," అన్నాడు. జీపువాడు ఇక పైసా తగ్గలేదు. ఉట్నూరు దాకా నేను మావాడితో మాట్లాడలేదు.