ఫోన్ ఎడు అమ్మమ్మా

మా పాపకు తొమ్మిదేళ్లు. పుట్టిందీ పెరిగిందీ చెన్నైలోనే, పెరంబూరులో. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. కాబట్టి పాప తమిళం చక్కగా చదువుతుంది, రాస్తుంది, స్నేహితులతో పోట్లాడేది కూడా అందులోనే. తెలుగు వింటుందిగానీ, "తిన్నావా?" అని అడిగితే "సాప్టేన్" అంటుంది. ఈ ఊరి భాష బిడ్డకు వచ్చినందుకు నాకు సంతోషమే. కానీ నెల్లూరు జిల్లా కావలి నుంచి మా అమ్మ ఫోన్లో మాట్లాడుతుంటే, "అమ్మమ్మ ఏం చెప్పింది?" అని పాప నా మొహంలోకి చూస్తుంది. అలా చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

పలక కొన్నాను. పెద్దబాలశిక్ష తెచ్చాను. ఆదివారం పొద్దున గంటసేపు కూర్చోబెట్టేదాన్ని. రెండు వారాలకే తెలుగంటే మరో హోంవర్కు అయిపోయింది, మానేశాను.

నా పాత ఫోన్‌ని సిమ్ లేకుండా, ఇంటి వైఫై మీద పాపకిచ్చాం. అమ్మమ్మతో వాట్సాప్‌లో మాట్లాడుకోవడానికి. ఇంట్లో మూడు ఫోన్లకీ కంపెనీ పెట్టిచ్చిన టింగ్ ఒక్కటే. అది మోగితే ముగ్గురమూ లేచేవాళ్లం. నా చదువు రోజుల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ రైల్లో ఇంటికి వెళ్తుంటే ఇదే తంతు: ఒక నోకియా మోగితే పెట్టెలో సగం మంది జేబులు తడుముకునేవాళ్లు. ఆ ట్యూన్ 1902 నాటి ఒక స్పానిష్ గిటార్ వాల్ట్జ్‌లోది. అది నోకియాదే అనుకున్నాం, అంతగా మా అందరి చెవుల్లో నాటుకుపోయింది. పాప చెవిలో నాటుకునే చప్పుడు ఏదైతే బాగుంటుందని అప్పుడే ఆలోచన మొదలైంది.

వేసవి సెలవులకు వెళ్లినప్పుడు మా అమ్మ పెరట్లోంచి కేకేస్తుంటే ఫోన్లో రికార్డు చేశాను. "పాపా, బువ్వ తింటివా మే?" వెనకాల ఎవరో బోరింగు కొడుతున్నారు, ఆ కిర్రుకిర్రు కూడా పడింది. మొత్తం పదకొండు సెకన్లు. నోటిఫికేషన్‌కి పెడితే ఫైలు మొత్తం మోగుతుంది కాబట్టి నాలుగు సెకన్లకు కోశాను. దాన్ని ఫోన్ స్టోరేజిలో నోటిఫికేషన్స్ అనే ఫోల్డర్‌లో వేస్తే సౌండ్ల జాబితాలో కనబడింది. వాట్సాప్‌లో అమ్మ పేరు నొక్కి, ఆమె మెసేజ్‌లకు మాత్రమే ఆ గొంతు పెట్టాను, పాప ఫోన్లోనూ నా ఫోన్లోనూ. లాక్ పడే చప్పుడూ, బ్యాటరీ అయిపోయేటప్పటి చప్పుడూ కూడా మారుద్దామని చూశాను. అవి సిస్టమ్ లోపలే ఉంటాయి, నోరు మూయించగలంగానీ మా ఫోన్లలో మార్చడం కుదరలేదు.

వారం రోజులు ఇల్లు కళకళలాడింది. ఆ కేక వినబడగానే పాప "తిన్నా!" అని అరిచేది, తెలుగులో.

తర్వాత బడిలో పేరెంట్స్ మీటింగ్. టీచర్ మాట్లాడుతుండగా నా బ్యాగులోంచి మా అమ్మ కేకేసింది, ఫుల్ వాల్యూమ్‌లో. సైలెంట్‌లో పెట్టడం మరిచిపోయాను. వెనక బెంచీలో పిల్లలు "మే, మే" అని మేకలా అన్నారు. పాప మొహం చిన్నబోయింది. ఆటోలో ఇంటికొచ్చేదాకా పలకలేదు. దిగాక ఒకే మాట: "అమ్మా, ఆ సౌండ్ తీసెయ్."

అమ్మమ్మ గొంతుకు సిగ్గుపడుతోందా అని మనసు చివుక్కుమంది. కానీ ఆ గొంతు పెట్టింది నేను. పాపను అడగలేదు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక యాప్‌లోనే రకరకాల నోటిఫికేషన్లకు వేరువేరు శబ్దాలు పెట్టుకోవచ్చు. ఒకసారి ఏర్పడ్డాక ఆ శబ్దాన్ని యాప్ తనంతట తాను మార్చలేదు, ఫోన్ చేతిలో ఉన్న మనిషే మార్చాలి. ఆ సెట్టింగులన్నీ పాపకు చూపించి, "నీ ఫోన్, నీ ఇష్టం" అన్నాను. నా ఫోన్లోది తీసేశాను.

మూడు రోజుల తర్వాత వంటింట్లో ఉంటే కిర్రు... కిర్రు... అని వినబడింది. బోరింగు! పదకొండు సెకన్ల అసలు ఫైలు పాప వెతికి పట్టుకుని, మాట లేని చోట కోసి పెట్టుకుంది. "ఇది అమ్మమ్మ ఇల్లని నాకొక్కదానికే తెలుసు" అంది. నాకు మాట రాలేదు, దగ్గరికి తీసుకున్నాను.

దసరా సెలవులకు కావలి వెళ్లినప్పుడు పాప అమ్మమ్మ ఫోన్ తీసుకుని ఆమె పక్కనే చేరింది. తన గొంతు రికార్డు చేసి, మా నంబరు కాంటాక్టులో రింగ్‌టోన్‌గా పెట్టింది: "ఫోన్ ఎడు అమ్మమ్మా!" ఎడు అంటే తమిళం, తెలుగులో ఎత్తు అనాలమ్మా, మళ్లీ చెప్పు అన్నాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనీ మే. నాకు అర్థమైంది కదా."

నోటిఫికేషన్ ఒక్కసారి మోగి ఊరుకుంటుంది, రింగ్‌టోన్ అలా కాదు, ఫోన్ ఎత్తేదాకో కట్టయ్యేదాకో మళ్లీ మళ్లీ మోగుతూనే ఉంటుంది. ఇప్పుడు మేం ఫోన్ చేస్తే అమ్మ వెంటనే ఎత్తదు. మొదట్లో ఒంట్లో బాగాలేదేమోనని టెన్షన్ పడ్డాను. ఏమ్మా, ఇంతసేపు అని అడిగితే, "పక్కనే ఉండాను లే, వింటా ఉండా" అంది.